పెళ్లి బట్టల డిజైనర్ ఫర్నిచర్‌లోకి వస్తే: ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో పెళ్లి బట్టలకు, చేనేతకు మంచి పేరున్న ఒక ఫ్యాషన్ డిజైనర్ లగ్జరీ ఫర్నిచర్ లైన్ మొదలుపెట్టారు. ఆ పనిలో మొదటి నుంచీ నేనున్నాను. నాది ఫర్నిచర్ తయారీ. డ్రాయింగ్ వేయడం దగ్గర్నుంచి చెక్క కోయించి, ఫ్రేమ్ బిగించి, ఫోమ్ వేసి, గుడ్డ తొడిగి ఇంటికి చేర్చేదాకా మా వర్క్‌షాప్ చూసుకుంటుంది. ఆవిడ గీతలను కూర్చోదగిన వస్తువులుగా మార్చడం నా వంతు. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బట్టల డిజైనర్ తన ప్రింట్లను, అంచులను, మగ్గం వర్క్‌ను సోఫా మీదికి ఎక్కించినంత మాత్రాన అది ఫర్నిచర్ డిజైన్ అనిపించుకోదు. అదే మనిషి తన కత్తెర పనిని, ఒంటి కొలతను, ఎక్కడ బిగించాలో ఎక్కడ వదులు ఇవ్వాలో తెలిసిన ఆ లెక్కను తెచ్చుకుంటే, ఏళ్ల తరబడి ఈ రంగంలోనే ఉన్న మాలాంటి వాళ్లకు కూడా తట్టని పని చేస్తారు. ఈ కేసులో నేను రెండూ చూశాను.

ముందు ఈ దారిలో నడిచినవాళ్లు

ఫ్యాషన్ సంస్థలు ఫర్నిచర్‌లోకి రావడం కొత్తేమీ కాదు. రాల్ఫ్ లారెన్ 1983లో ఇంటి సామాను మొదలుపెట్టారు. 1992లో వెర్సాచే వచ్చింది. మన దగ్గర సబ్యసాచి ముఖర్జీ, ఏషియన్ పెయింట్స్ వాళ్ల నీలయ బ్రాండ్ కోసం వాల్‌పేపర్లు చేశారు. వెర్సాచే ప్రింట్‌ను గోడ మీద వేసినా, టీ కప్పు మీద వేసినా, దిండు మీద వేసినా ఎవరిదో ఇట్టే తెలుస్తుంది. అలాంటి గుర్తింపు ఉన్నవాళ్లకు ఉపరితలమే చాలు. ఒక నగరంలో ఒక బొటిక్ నడిపేవాళ్లకు ఆ దారి పనికిరాదు.

అందుకే మా మొదటి మీటింగుల్లో నేను ఎక్కువగా జార్జియో అర్మానీ సంగతే ఎత్తేవాణ్ని. 1934లో ఇటలీలోని పియాచెంజాలో పుట్టిన అర్మానీ, మిలాన్‌లో లా రినాషెంతే అనే పెద్ద స్టోర్‌లో షోకేసుల అలంకరణతో మొదలుపెట్టి, 1975లో సొంత కంపెనీ పెట్టారు. పేరు తెచ్చింది కోటు. మగవాళ్ల కోటు లోపల లైనింగ్, ప్యాడింగ్, భుజాల గట్టిదనం అన్నీ తగ్గించుకుంటూ పోయి, చొక్కాలాగా ఒంటి మీద వాలేట్టు చేశారు. 1982లో ఒక లాంప్ గీశారు. అర్మానీ/కాసా మొదలైంది మాత్రం 2000లో. ఆ పాత లాంపే దాని గుర్తుగా నిలిచింది.

ఆ ఫర్నిచర్‌లో కోటు ఎక్కడా కనిపించదు. కోటు కుట్టినాయన పద్ధతి మాత్రం అంతటా కనిపిస్తుంది. అక్కర్లేనిది తీసేయడం, బూడిదకీ ఇసుకకీ మధ్య ఉండే ఆ రంగులు, దగ్గరికి వెళ్లి చేత్తో తడిమితే తప్ప తెలియని పాలిష్ పనితనం. నాకు ఇంకా నచ్చింది, ప్రతి పనికీ ఆ పని తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోవడం. వంటగదులకు మోల్తేని గ్రూపులోని దాదా కంపెనీ, బాత్‌రూములకు స్పెయిన్‌కు చెందిన రోకా, గుడ్డలకు వెనిస్‌కు చెందిన రుబెల్లీ. 2010లో దుబాయ్ బుర్జ్ ఖలీఫాలో అర్మానీ హోటల్ తెరిచారు. ముంబైలో లోధా వాళ్ల వరల్డ్ టవర్స్ ఇంటీరియర్స్ కూడా ఆ స్టూడియోవే. 2025 సెప్టెంబరులో, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మా డిజైనర్ ఇదంతా శ్రద్ధగా విన్నారు. విని, తన స్కెచ్ బుక్ తెరిచారు.

ఆవిడ మొదట గీసినవి

మూడు సీట్ల సోఫా, దాని చుట్టూ కంచి పట్టు అంచు. మంచం తలగోడకు నిండా జర్దోసీ. లెహంగా కుచ్చుల్లా పరుచుకున్న గుండ్రటి పీట. కుర్చీ చేతులకు టాసెల్స్. కాగితం మీద చాలా అందంగా ఉన్నాయి. రంగులు కలపడంలో ఆవిడ చెయ్యి అసాధారణం, అందులో నాకు ఇప్పటికీ సందేహం లేదు.

ఇవి ఎందుకు నిలబడవో లెక్కతో చూపించాలి. లేకపోతే తయారీదారు బద్ధకంతో అడ్డుపడుతున్నాడని అనిపిస్తుంది. గుడ్డ వెడల్పు దగ్గర మొదలుపెట్టాను. సోఫా గుడ్డ మామూలుగా 54 అంగుళాల పన్నాతో వస్తుంది. చీర పన్నా 44 నుంచి 48 అంగుళాలు. 84 అంగుళాల సోఫా సీటు మీద చీర గుడ్డ నిలువునా వేస్తే అతుకు తప్పదు. ఆ అతుకు సరిగ్గా మనిషి కూర్చునే చోటికే వస్తుంది. అడ్డంగా తిప్పి వేస్తే అతుకు తప్పుతుంది కానీ డిజైన్ పక్కకు పడుకుంటుంది. ఏనుగులూ నెమళ్లూ ఉన్న చీరైతే చెప్పనక్కర్లేదు.

రెండోది రాపిడి. గుడ్డ ఎన్ని రుద్దుళ్లకు ఓర్చుకుంటుందో కొలిచే మార్టిండేల్ పరీక్ష ఒకటుంది. ఇంట్లో రోజూ కూర్చునే సోఫాకు కనీసం 20,000 దాటిన గుడ్డ కావాలంటాం. హోటల్ లాబీకి 40,000 దాకా అడుగుతాం. పట్టు చీర ఏడాదికి నాలుగుసార్లు బీరువాలోంచి బయటికొస్తుంది. సోఫా మీద రోజూ పిల్లలు గెంతుతారు, పెద్దాయన మధ్యాహ్నం కునుకు తీస్తాడు. పల్చటి పట్టు ఆ పనికి నేసిన గుడ్డ కాదు. జరీ సంగతి ఇంకా కష్టం, పోగు లేచిందంటే గాజులకు, ఉంగరాలకు తగులుకుంటూనే ఉంటుంది. కిటికీ పక్కన పెడితే ఎండకు పట్టు చివికిపోతుంది కూడా.

ఆవిడ బాధపడ్డారు, వాదించారు కూడా. "మరి చేనేత లేకుండా నేను ఫర్నిచర్ ఎందుకు చేయాలండీ? దిగుమతి వెల్వెట్ వేసి అమ్మడానికి ఊరంతా షోరూములున్నాయి కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అడిగింది న్యాయమైనదే. జవాబు పోచంపల్లిలో దొరికింది.

నేతన్న అడిగిన ప్రశ్న

ఆవిడకు ఏళ్లుగా ఇక్కత్ నేసిచ్చే పెద్దాయన ఒకరున్నారు. పోచంపల్లి ఇక్కత్ గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ఇక్కడ డిజైన్ గుడ్డ మీద అద్దరు. నేయడానికి ముందే నూలును ఆసు అనే చట్రం మీద పోసి, గ్రాఫు కాగితం లెక్క ప్రకారం అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టినచోట రంగు ఎక్కదు. ఆ నూలు మగ్గం మీద పడ్డాక పువ్వో, రాంబస్సో తనంతట తాను తేలుతుంది. అంటే ఎక్కడ ఏ బొమ్మ రావాలో నేతకు చాలా ముందే తేలిపోవాలి.

మేం మా గోడు చెప్పుకుంటే ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "బిడ్డా, గీ గుడ్డ మీద కూసుంటరా, గీనికి ఒరుగుతరా, ఉత్తగ చూస్తరా? అది చెప్పుండ్రి ముందు. నేను దాన్ని బట్టి నూలు వేస్త."

ఫర్నిచర్ మొత్తానికి ఒకే గుడ్డ అని మేమంతా అనుకుంటున్నాం. షోరూముల్లో అలాగే చేస్తారు, మేమూ అలాగే చేస్తూ వచ్చాం. ఆయన ప్రశ్నతో కుర్చీ మూడు ముక్కలైంది. కూర్చునే చోటు, ఒరిగే చోటు, చూసే చోటు. చూసే చోటికి ఎంత నాజూకైన నేతైనా వేయొచ్చు. కూర్చునే చోటికి వేరే.

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే తేలింది. పోచంపల్లిలో చీరలు నేసే మగ్గాలే కాదు, దుప్పట్లు నేసే వెడల్పు మగ్గాలూ ఉన్నాయి. ఆ దుప్పటి మగ్గం మీద, చీరకు వాడే సన్నటి నూలు కాకుండా, 20వ నంబరు నూలు రెండు పోగులు పేని వేస్తే గట్టి గుడ్డ వస్తుంది. పైగా బొమ్మను మీటర్ల కొద్దీ సాగదీయకుండా, కుర్చీ వీపుకు సరిపడా ఒక్కో ప్యానెల్‌గా కట్టొచ్చు. మధ్యలో బొమ్మ, చుట్టూ మడతకు సాదా గుడ్డ, మళ్లీ ఇంకో బొమ్మ. చీరలో కొంగుకు, రవికె ముక్కకు చోటు వదిలినట్టే. కత్తెర ఎక్కడ పడాలో మగ్గం మీదే నిర్ణయమైపోతుంది, వృథా దాదాపు ఉండదు.

కుర్చీ వీపు

ఇక్కడి నుంచి పని ఆవిడ చేతుల్లోకి వెళ్లింది. నేను వెనకే నడిచాను.

మన డ్రాయింగ్ రూముల్లో, డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలు ఎక్కువగా వెనక నుంచే కనిపిస్తాయి. గుమ్మంలోంచి అడుగుపెట్టగానే కంటపడేది కుర్చీల వీపులే. కానీ మా రంగంలో వీపు వెనక భాగానికి మిగిలిన గుడ్డ వేస్తాం, ఖరీదు తగ్గించుకునేది అక్కడే. ఆవిడ దీన్ని ఒప్పుకోలేదు. పెళ్లి రవికె కుట్టేవాళ్లకు వీపు ఎంత ముఖ్యమో మనందరికీ తెలుసు. పీటల మీద కూర్చున్న పెళ్లికూతురి వీపు వెనకున్న చుట్టాలందరి కంట్లో పడుతుంది, డిజైన్ ఖర్చు ఎక్కువగా అక్కడే పెడతారు. కుర్చీకీ అదే చేద్దామన్నారు. ఇక్కత్ ప్యానెల్ వెనక వీపుకు వెళ్లింది.

ముందు వైపుకు ఆవిడ అసలు నగిషీయే వద్దన్నారు. ఇంకెవరైనా అయితే అందం కోసం అలా చేశారనుకునేవాణ్ని. ఆవిడ కారణం వేరు. ఫంక్షన్‌కు వచ్చిన ఆడవాళ్లు మగ్గం వర్క్ రవికెలు వేసుకుంటారు. వెనక్కి ఒరిగితే పూసలు, కుందన్లు కుర్చీ గుడ్డలోకి దిగుతాయి. కదిలితే గుడ్డ పోగు లేస్తుంది, లేదా రవికె పూస ఊడుతుంది. రెండూ ఖరీదైనవే. ఎన్నో పెళ్లిళ్ల తర్వాత రిపేరుకొచ్చిన రవికెలు చూసినవాళ్లకు తప్ప ఈ సంగతి తెలియదు. నేను సోఫాలు చేస్తున్న ఇన్నేళ్లలో ఒక్క క్లయింటూ నాకు ఈ మాట చెప్పలేదు. అందుకని లోపలి వీపుకు దగ్గరి నేత ఉన్న, నున్నటి సాదా గుడ్డ ఎంచుకున్నాం. పూస జారిపోవాలి తప్ప దిగకూడదు.

తర్వాత ఎత్తు. మామూలు హై బ్యాక్ కుర్చీలో తల కూడా ఆనుతుంది. పూలజడ వేసుకున్నవాళ్లకు, కొప్పు పెట్టుకున్నవాళ్లకు అది నరకం, కుర్చీ అంచున నిటారుగా కూర్చుని టెన్షన్ పడుతుంటారు. ఆవిడ కుర్చీ వీపును భుజపు ఎముకల కింద ఆపేశారు. జడ బయటికి పడుతుంది. నడుముకు మాత్రం గట్టి ఆసరా ఉంటుంది. సీటు ఎత్తు 17 అంగుళాలు, లోతు 20. ఇటలీ నుంచి వచ్చే లాంజ్ కుర్చీల లోతు 24, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అందులో మన అమ్మమ్మలు కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. కుర్చీ చేతులను కూడా ఆవిడ ముందువైపు కొంచెం వెనక్కి తగ్గించారు, చీర కుచ్చిళ్లు నలగకుండా కూర్చోవడానికి.

ఫ్రేమ్ టేకు, సీపీ టేకు, అంటే మధ్య భారతదేశపు టేకు. వెనక కాళ్లు, వీపు కలిసి ఒకే వంపుగా రావాలని ఆవిడ గీశారు. ఇక్కడ ఒక్కచోట ఆవిడ అలవాటు అడ్డొచ్చింది. గుడ్డను క్రాస్‌గా కోస్తే సాగుతుంది, ఒంటికి చక్కగా కుదురుతుంది. చెక్కను దాని చారకు, అంటే నారలు సాగే దిశకు, అడ్డంగా కోస్తే అక్కడే విరుగుతుంది. వంపు ఎక్కువైన కొద్దీ చార తెగిపోయి కాలు బలహీనపడుతుంది. మా మేస్త్రి ఒక నమూనా కాలును ఆవిడ ముందే మోకాలి మీద పెట్టి విరిచి చూపించాడు. "చూడండి మేడమ్, గిక్కడ చార బయటికి పోయింది" అన్నాడు. విరిగిన ముక్కను ఆవిడ చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. మర్నాడు వంపు తగ్గించిన డ్రాయింగ్ వచ్చింది, చార ఎటు పోవాలో పెన్సిల్‌తో బాణం గుర్తులు కూడా వేసి. గుడ్డ ముక్కల మీద పోగు దిశ గుర్తు పెట్టే టైలర్ల పద్ధతే అది. ఇప్పుడు మా వర్క్‌షాప్‌లో ప్రతి డ్రాయింగుకూ అలా గుర్తు పెడుతున్నాం.

గుడ్డ తొడిగే పని చూస్తే మాత్రం ముచ్చటేసింది. మామూలుగా మా కుర్రాళ్లు గుడ్డను లాగి, స్టేపుల్ గన్‌తో కొడుతూ, మూలల్లో మిగిలింది మడిచి లోపలికి తోస్తారు. ఆవిడ ప్లైవుడ్, ఫోమ్‌తో చేసిన నమూనా మీద గాడా అనే ముతక నూలు గుడ్డ పరిచి, గుండుసూదులు పెడుతూ, సుద్దతో గీస్తూ, మనిషి ఒంటి మీద ట్రయల్ వేసినట్టే వేశారు. సీటు, వీపు కలిసే లోపలి మూలలో ఒక చిన్న డార్ట్, అంటే కోణంగా మడిచి కుట్టే కుట్టు, వేశారు. అంతే, ముడతలన్నీ పోయాయి. ఆ మూల కోసం మేం ఎప్పుడూ లాగుడు మీదే ఆధారపడ్డాం. లాగిన గుడ్డ కొన్ని నెలలకు వదులవుతుంది, కోసి కుట్టిన గుడ్డ అలాగే ఉంటుంది.

వెనక ప్యానెల్‌ను స్టేపుల్ చేయనివ్వలేదు. రవికెకు పెట్టినట్టే పక్క మడత లోపల స్టీలు హుక్కులు, కాజాలు పెట్టించారు. అక్కడ బరువు పడదు కాబట్టి హుక్కులు చాలు. ఇంటివాళ్లే విప్పి మార్చుకోవచ్చు. చేనేత నూలు మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది కాబట్టి, కోయకముందే ప్యానెళ్లను నానబెట్టి ఆరేయడం ఒక పద్ధతిగా పెట్టుకున్నాం. ముదురు రంగుల్ని తెల్ల గుడ్డతో రుద్ది, రంగు దిగుతుందేమో చూస్తాం. లేత పట్టుచీర కట్టుకున్నావిడ వీపుకు నీలం అంటితే ఇక ఆ ఇంట్లో మన పేరు ఎత్తరు.

ఏటికొప్పాక గురించి ఒక మాట

లక్క రంగుల కాళ్లతో కన్సోల్ టేబుల్ చేయాలని ఆవిడకు కోరిక. ఏటికొప్పాక కళాకారులు వాడేది అంకుడు కర్ర. మెత్తటి కర్ర, తరిమెన యంత్రం మీద వెన్నలా తిరుగుతుంది, లక్క చక్కగా పడుతుంది. బొమ్మలకు అంతకన్నా మంచి కర్ర లేదు. బరువు మోసే టేబుల్ కాలికి మాత్రం అది సరిపోదు. అందుకని కాళ్లు టేకుకే వదిలి, సొరుగుల గుబ్బలు ఏటికొప్పాకలో చేయించాం. చెయ్యి తగిలే చోట ఆ నునుపు ఉండటం నాకు ఎంతో నచ్చింది. కన్సోల్ ఇప్పటికీ లైన్‌లో ఉంది.

ముహూర్తాలు, డబ్బు

బట్టల వ్యాపారంలో పెళ్లి తేదీకి పని పూర్తి చేయడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. అవసరమైతే రాత్రంతా పదిమంది కూర్చుని కుడతారు. చెక్కకు ఆ వేగం లేదు. తేమ 12 శాతం లోపుకు దిగని టేకుతో ఫ్రేమ్ చేస్తే, ఏసీ గదిలోకి వెళ్లాక ఎండి జాయింట్ విడుతుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని ఎంత ఒత్తిడి వచ్చినా మీటర్ పెట్టి చూడకుండా చెక్క కోయనని నేను గట్టిగా చెప్పాను. ఆవిడ ఒప్పుకుని, ఆర్డరు తీసుకునేటప్పుడే తేదీ రాసిచ్చే అలవాటు మానేశారు. దాని వల్ల కొన్ని ఆర్డర్లు పోయాయి. పోయినా ఆ నిర్ణయం సరైనదేనని నేనంటాను.

పెట్టుబడి తీరు కూడా వేరు. లెహంగా నచ్చకపోతే ఆల్టరేషన్ చేస్తారు, మహా అయితే ఇంకొకరికి అమ్ముతారు. కుర్చీ తిరిగొస్తే టెంపో కిరాయి, గోడౌన్ జాగా, పాలిష్ గీతలు, అన్నీ మన నెత్తినే. పాత అపార్ట్‌మెంట్లలో లిఫ్టులో పట్టని సోఫా మెట్ల మీదుగా మోయించాలి. పెద్ద సోఫాను లైన్‌లోంచి తీసేయడానికి గుడ్డ ఒక కారణమైతే ఇది రెండో కారణం. జర్దోసీ తలగోడ కూడా ఆగిపోయింది. దుమ్ము దులపడానికి వీలుకాని వస్తువును ఏసీ గదిలో పెట్టి లగ్జరీ అనడం ఆవిడకే ఇష్టం లేకపోయింది.

మిగిలినవి డైనింగ్ కుర్చీ, లాంజ్ కుర్చీ, కన్సోల్, ఒక చిన్న బెంచీ. కొనేవాళ్లలో సగం మంది ఆవిడ పాత బట్టల క్లయింట్లు, మిగతావాళ్లు ఆర్కిటెక్టుల ద్వారా వచ్చినవాళ్లు. ఆర్కిటెక్టులు అడిగే మొదటి ప్రశ్న ఇక్కత్ గురించి ఉండదు. ఫోమ్ డెన్సిటీ ఎంత, రాపిడి ఎంత, రిపేరు ఎవరు చేస్తారు అని అడుగుతారు. 40 డెన్సిటీ ఫోమ్, కింద జిగ్‌జాగ్ స్ప్రింగ్, సీటు గుడ్డ పరీక్ష రిపోర్టు, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి ఇచ్చాకే మాట ముందుకు సాగింది. ఈ కాగితం తయారు చేయని ఫ్యాషన్ డిజైనర్ ఎంత పేరున్నవారైనా, ఆర్కిటెక్టు దగ్గర అలంకరణ సామాను అమ్మేవారిగానే మిగిలిపోతారు.

విడి ప్యానెళ్ల అమ్మకం మేం అనుకోనంత బాగా నడుస్తోంది. దసరాకు ఒకటి, ఇంట్లో పెళ్లికి ఒకటి అని కుర్చీలకు కొత్త వీపులు తెప్పించుకునేవాళ్లున్నారు. బట్టల షాపుకు మళ్లీ మళ్లీ వచ్చే మనిషి ఫర్నిచర్ షాపుకు పదేళ్లకోసారి వస్తాడు. హుక్కులు, కాజాలు ఆ దూరాన్ని కొంత తగ్గించాయి.

ఇప్పుడు తేలాల్సింది నేత కూలి. గుడ్డకు మీటరు లెక్కన ఇవ్వడం పాత పద్ధతి. ప్యానెల్‌లో మీటరు తక్కువ, కట్టే పని ఎక్కువ. బొమ్మ అర అంగుళం పక్కకు జరిగినా కుర్చీ మీద వంకరగా కనిపిస్తుంది, కాబట్టి పెద్దాయన ఇంట్లో ఆసు పోసేవాళ్ల దగ్గర్నుంచి అందరి మీదా భారం పెరిగింది. ప్యానెల్‌కింత అని రేటు కట్టి, నూలు, రంగుల డబ్బు ముందే ఇచ్చి, తిరిగి ఆర్డరైన ప్రతిసారీ ఆ బొమ్మ గ్రాఫు గీసినవారికి కొంత చెల్లించాలన్నది ఆవిడ ప్రతిపాదన. పెద్దాయన కొడుకు మొదటి రెండింటికీ సరేనన్నాడు. మూడోదానికి, పాత గ్రాఫుల్లో చాలావరకు వాడకట్టంతా వాడుకునేవి, వాటికి డబ్బు ఎవరి చేతికి ఇస్తారని అడుగుతున్నాడు. సంఘం పేరున ఇవ్వొచ్చా అని మాట్లాడుతున్నాం. అది తేలేదాకా కొత్త బొమ్మలు మాత్రమే ప్యానెళ్లకు తీసుకుంటున్నాం.